వెబినార్‌లో టీచర్లని కూడా మాట్లాడనివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

నేను పార్వతీపురం మన్యం జిల్లాలో ఒక ప్రైమరీ స్కూల్లో ఎస్‌జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్‌ని). టీచర్లకి వెబినార్లు దండగ అని ఈ మధ్య మా వాళ్లే చాలామంది అంటున్నారు, వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఇదే మాట. నేను మాత్రం ఒప్పుకోను. నడుపుతున్న తీరు మారాలి, అందుకే ఈ ఉత్తరం.

ఇప్పుడు ఎలా ఉందంటే, ముందురోజు రాత్రి గ్రూపులో యూట్యూబ్ లింక్ పడుతుంది, రేపు మధ్యాహ్నం అందరూ తప్పనిసరిగా చూడాలి, చూస్తున్నట్టు ఫొటో పెట్టాలి అని. ఇద్దరే టీచర్లున్న బడిలో ఒకరు ఫోన్ ముందు కూర్చుంటే ఐదు క్లాసులూ రెండోవారి మీద పడతాయి, సింగిల్ టీచర్ స్కూల్ అయితే ఇంక చెప్పక్కర్లేదు. అటు రిసోర్స్ పర్సన్ (శిక్షణ ఇచ్చేవారు) పీపీటీ స్లైడ్లు చదువుకుంటూ పోతారు, ఇటు చాట్‌లో అందరూ గుడ్ ఆఫ్టర్‌నూన్ సర్ అని, స్కూల్ పేరు, యూడైస్ కోడ్ (ప్రతి బడికీ ఉండే నంబర్) టైప్ చేస్తుంటారు, మధ్యలో ఎవరైనా నిజంగా డౌట్ అడిగితే అది పైకి వెళ్లిపోతుంది, ఎవరికీ కనపడదు.

2020లో బడులు మూసినప్పుడు సప్తగిరి ఛానల్లో విద్యావారధి పాఠాలు వచ్చేవి, గుర్తుండే ఉంటుంది. పాఠాలు బాగానే ఉండేవి కానీ అర్థం కాని పిల్లాడు ఆపి అడగడానికి వీల్లేదు, టీవీ కాబట్టి తప్పదు. వెబినార్‌కి ఆ ఇబ్బంది లేదు కదండీ, మైక్ ఉంది, కెమెరా ఉంది, అయినా దాన్ని తీసుకెళ్లి టీవీలాగే వాడుతున్నాం.

మా స్కూల్ కాంప్లెక్స్‌లో (అంటే చుట్టుపక్కల బడుల గ్రూపులో) కొంతమందిమి బడి అయ్యాక సాయంత్రం పూట గూగుల్ మీట్‌లో కలుస్తున్నాం, పదిహేను మందికి మించం. ఒకసారి ఒక మేడం తన మూడో తరగతి బాబు నోట్‌బుక్ పేజీ స్క్రీన్ మీద పెట్టారు. 52లోంచి 17 తీసేస్తే 45 అని వేశాడు, 41లోంచి 16 తీసేస్తే 35, పేజీ అంతా అంతే. వీడికి లెక్కలు రావు అని ఇంటూ కొట్టి వదిలేయొచ్చు. కానీ అందరం కూర్చుని చూస్తే తెలిసింది, వాడు ప్రతి లెక్కా ఒకే రూల్ ప్రకారం చేస్తున్నాడు, ఏ స్థానంలో అయినా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నాడు, పైన ఏది ఉంది కింద ఏది ఉంది అని చూడట్లేదు. ఇంకో సార్ చెప్పారు, చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు వాడి చేతికిచ్చి పదిహేడు తిరిగి ఇమ్మనండి, మీరేం చెప్పొద్దు అని. తర్వాత కలిసినప్పుడు మేడం చిన్న వీడియో చూపించారు (మొహం, పేరు రాకుండా చేతులు మాత్రమే తీశారు, ఇది అందరూ పాటించాలి). బాబు ముందు ఒక కట్ట ఇచ్చాడు, తర్వాత ఆ రెండు పుల్లలూ ఇచ్చాడు, కాసేపు ఆగాడు, తనంతట తనే ఇంకో కట్ట రబ్బరు బ్యాండ్ తీసి ఐదు పుల్లలు లెక్కపెట్టి ఇచ్చాడు. మిగిలింది 35. ఆ తర్వాతే పలక మీద అప్పు తెచ్చుకోవడం రాయించారట. ఏ పీపీటీ చూసినా నాకు రాని విషయం ఇది.

ఉపన్యాసాలు వద్దని నేను అనట్లేదు. దానికి 2017 నుంచి కేంద్రం వాళ్ల ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్ష ఉంది, 2019లో ముఖాముఖి ట్రైనింగ్‌గా మొదలైన టీచర్ల శిక్షణ కార్యక్రమం నిష్ఠ కూడా 2020లో దాంట్లోకే వచ్చింది, ఎవరికి వీలున్నప్పుడు వాళ్లు ఆపుకుని ఆపుకుని చూసుకోవచ్చు. వినాల్సింది అక్కడ వినేసి వస్తే లైవ్‌లో ఉన్న గంటా మాట్లాడుకోడానికే మిగులుతుంది.

క్లాసులో పిల్లలకి కూడా ఈ లైవ్ వీడియో పనికొస్తుంది. స్మార్ట్ టీవీ ఉన్న బడిలో నెలకోసారి ఎవరినో ఒకరిని పిల్లలతో మాట్లాడించొచ్చు. మేం పశువుల డాక్టర్ గారిని అడిగితే ఆసుపత్రి నుంచే మాట్లాడారు, మేకకి కడుపు ఉబ్బితే ఎందుకు చచ్చిపోతుంది అని మా నాలుగో తరగతి పాప అడిగింది, ఆయన ఓపిగ్గా లోపల గ్యాస్ ఎలా పడుతుందో బొమ్మ గీసి చూపించారు. ప్రశ్నలు ముందురోజే బోర్డు మీద రాయించాలి, అరగంట దాటకూడదు, టీచర్ పిల్లల మధ్యలోనే నిలబడి వెనక వరసకి మళ్లీ చెప్పాలి. బొమ్మ ఆగినా పర్లేదు, మాట ఆగితే పిల్లలు ఉండరు, కాబట్టి ముందు ఒక మంచి స్పీకర్ చూసుకోవాలి. మా కొండల మీద ఊళ్లలో సిగ్నల్ సంగతి తెలిసిందే, అలాంటి బడులకి ఆడియో రికార్డ్ చేసి వాట్సాప్‌లో పంపినా చాలు.

అధికారులని నేను అడిగేది ఏంటంటే, బడి టైంలో వెబినార్ పెట్టకండి, పెడితే కాంప్లెక్స్ మీటింగ్ రోజున పెట్టండి, రికార్డింగ్ ఇవ్వండి, ఫొటో హాజరు తీసేయండి. ముఖ్యంగా 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచర్‌కి ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలంటోంది కదా, మేం సాయంత్రాలు నోట్‌బుక్‌లు ముందేసుకుని మాట్లాడుకునే గంటలు కూడా అందులో లెక్కేయండి, కాంప్లెక్స్ హెచ్ఎం సంతకం పెడితే సరిపోయేలా ఒక ఆర్డర్ ఇవ్వండి.

ఇట్లు,
ఒక ప్రైమరీ టీచర్,
పార్వతీపురం మన్యం జిల్లా