థాయ్ మసాజ్‌కి ఆ ముసుగు ఎందుకు?

సంపాదకులకు,

అయ్యా,

మాది తణుకు. మావారి ఉద్యోగం వల్ల కొన్నేళ్లుగా బ్యాంకాక్‌లో కాపురం. పొద్దున్నే కాఫీ తాగుతూ మీ ఈ-పేపర్ చదవందే నాకు తోచదు. స్పా సెంటర్ మీద పోలీసుల దాడి జరిగిందంటే చాలు, ‘థాయ్ మసాజ్ ముసుగులో’ అని హెడ్డింగ్ పెట్టేస్తున్నారు. ఆ వార్తలు చదివీ చదివీ, మోకాళ్ల నొప్పులతో మా దగ్గరికొచ్చిన మా అత్తగారు మసాజ్ మాట ఎత్తగానే ‘ఛీ, మనకెందుకమ్మా అలాంటివి’ అన్నారు. ఆవిడ్ని ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

అసలు థాయ్ మసాజ్‌లో బట్టలు విప్పే పనే లేదు. వదులుగా ఉండే చొక్కా, పైజామా వాళ్లే ఇస్తారు. నేల మీద పరుపు వేసి పడుకోబెడతారు. నూనె వాడరు. నూనెతో చేసే మసాజ్ కూడా ఇక్కడ దొరుకుతుంది కానీ అది వేరు, దాని రేటూ వేరు.

అత్తగారికి చేసినావిడకి యాభై పైబడే ఉంటాయి. ముందు కాళ్లు కడిగి తుడిచింది. తర్వాత చేతులు జోడించి, కళ్లు మూసుకుని గురువుకి దణ్ణం పెట్టుకుంది. ఎవరా గురువు అంటే, బింబిసార మహారాజుకీ బుద్ధుడికీ వైద్యం చేసిన జీవకుడు! ఆయన ఈ దేశం వచ్చిన దాఖలా లేదు గానీ, ఇక్కడి సంప్రదాయ వైద్యులంతా ఆయన్నే మూలపురుషుడిగా కొలుస్తారు. ఈ సంగతి చెప్పాక అత్తగారు కాస్త మెత్తబడ్డారు.

పాదాల దగ్గర మొదలుపెట్టి పైకి వస్తారు. బొటనవేలి కొనతో పొడవరు, మెత్తటి భాగంతో నొక్కుతారు. మోచెయ్యి వంచకుండా చేతిని నిటారుగా ఉంచి ఒంటి బరువంతా మెల్లగా ఆ వేలి మీదికి వాలుస్తారు. కండబలంతో పని లేదు కాబట్టే బక్కపల్చటి మనిషి కూడా భారీ మనిషికి గంటసేపు చేయగలదు. అరచేయి, మోచెయ్యి, మోకాలు, పాదం, అన్నీ వాడతారు. మధ్యమధ్యలో కాళ్లూ చేతులూ సాగదీసి వంచుతుంటే, మన ఆసనాలన్నీ ఇంకొకరు మన చేత వేయిస్తున్నట్టే ఉంటుంది. తొడ మొదట్లో కొట్టుకునే నాడిని అరచేత్తో కాసేపు నొక్కి పట్టి మెల్లగా వదిలే పద్ధతి ఒకటుంది. వదలగానే వేడి పాదం దాకా పాకుతుంది. కానీ మా అత్తగారికి అది చేయలేదు. బీపీ ఉందా అని ముందే సైగలతో అడిగింది, ఈవిడ సంచీలోంచి మాత్రల అట్ట తీసి చూపించారు. అంతే, ఆ పని మానేసి, మోకాళ్ల చుట్టూ మాత్రం అల్లంజాతి దుంపలు, పసుపు, నిమ్మగడ్డి, కర్పూరం కట్టిన వేడి మూటతో కాపడం పెట్టింది.

నా భుజం నొప్పి తగ్గాక కుతూహలం పట్టలేక ఇక్కడి వాట్ ఫో అనే బౌద్ధ గుడిలో మసాజ్ నేర్పే బడి ఉంటే, అందులో మొదటి కోర్సు చేశాను. ఆ గుడిని 1830లలో థాయ్ రాజు మూడో రామా బాగు చేయిస్తూ, వైద్యవిద్య నలుగురికీ అందాలని రాతి పలకల మీద మనిషి బొమ్మలు గీయించి, ఎక్కడ నొక్కితే ఏ బాధకో చెక్కించాడు. ఆసనాలు వేస్తున్న ఋషుల విగ్రహాలూ పెట్టించాడు. కొన్ని ఇప్పటికీ ఆవరణలో ఉన్నాయి. ఒళ్లంతా పృథ్వి, జలం, అగ్ని, వాయువు అనీ, వాయువు తిరిగే ముఖ్యమైన దారులు పది అనీ వాళ్ల లెక్క. మొదటి రెండూ ఇత్థా, పింగ్‌ఖలా, అంటే మన యోగంలో చెప్పే ఇడ, పింగళ నాడులే. ఈ దారులు శరీరాన్ని కోసి చూస్తే కనబడవు. నేను వాటిని నమ్మమని అనను. నొప్పి తగ్గడం మాత్రం నాకు అనుభవం.

2019లో యునెస్కో ఈ విద్యను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక్కడి ప్రభుత్వాసుపత్రుల్లో సంప్రదాయ వైద్యం విభాగాలుంటాయి, వాటిలో ఇదీ చేస్తారు. చూపు లేనివాళ్లు ఎందరికో ఇదే బతుకుతెరువు. చియాంగ్‌మాయ్‌లో ఆడవాళ్ల జైల్లో ఖైదీలకు నేర్పి, బయటివాళ్లకు మసాజ్ చేయనిస్తారు. 2016లో చట్టం వచ్చాక దుకాణానికి లైసెన్సు, చేసేవాళ్లకి శిక్షణ, రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే.

ఇక్కడ తప్పుడు వ్యాపారం లేదని బుకాయించను. ఉంది, ఆ సందులేవో ఊళ్లో అందరికీ తెలుసు. అంతమాత్రాన కాళ్లు కడిగి, గురువుకి మొక్కి పని మొదలుపెట్టే మా వీధి ఆవిడ్ని కూడా అదే గాటన కట్టేస్తే ఎలా?

మన ఊళ్లలో నాకు అంతకన్నా భయం వేసేది ఇంకొకటుంది. బోర్డు మీద ‘థాయ్’ అని రాయించి, ఏ శిక్షణా లేనివాళ్లను లోపల కూర్చోబెట్టడం. బీపీ, షుగర్, ఎప్పుడైనా ఎముక విరిగిందా, గర్భం, ఏదీ అడక్కుండా నొక్కేస్తే ప్రాణం మీదికి రావచ్చు. మెడ పట్టుకుని టక్కున తిప్పుతామంటే మాత్రం మీ పాఠకులెవరూ ఒప్పుకోవద్దు.

ఈసారి దాడి వార్త రాసేటప్పుడు మీ విలేకరులు పోలీసులు చెప్పింది రాసి వదిలేయకుండా ఇంకో రెండు సంగతులు కనుక్కోవాలని మనవి. ఆ సెంటర్‌కి లైసెన్సు ఇచ్చిందెవరు? అందులో పనిచేసేవాళ్లు మసాజ్ ఎక్కడ నేర్చుకున్నారు?

ఇట్లు,
మీ పాఠకురాలు,
బ్యాంకాక్