సెకనుకు 12 ఫ్రేములు, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు

సంపాదక మహాశయా,

కొత్త మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా ఏది విడుదలైనా పత్రికల టెక్నాలజీ పేజీలో ముందుగా కనిపించే అంకె ఒకటే: సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే ఎన్ని ఫొటోలు. 12, 20, 30, 120... అంకె పెద్దదైతే చాలు, క్రీడలకు తిరుగులేని కెమెరా అని రాసేస్తారు. ఆ అంకె ఏ బ్యాటరీతో, ఎంత ఛార్జ్ మీద, ఏ షట్టర్‌తో వచ్చిందో రాయరు. తయారీదారు మాన్యువల్లో ఆ షరతులు చిన్న అక్షరాల్లోనైనా ఉంటాయి. సమీక్షలోకి వచ్చేసరికి రాలిపోతాయి. ఆట చివరి పావుగంటలో బరస్ట్ (బటన్ నొక్కి పట్టి వరుసగా ఫొటోలు తీయడం) మందగించిందని కెమెరాను రిపేరుకు పట్టుకెళ్లేవాళ్లలో కొందరికైనా కావాల్సింది రిపేరు కాదు, నిండు బ్యాటరీ.

కెనాన్ ఈఓఎస్ ఆర్5నే తీసుకోండి. 2020లో వచ్చిన ఈ బాడీకి (లెన్సు కాక మిగతా కెమెరాకు) మెకానికల్ షట్టర్‌తో, అంటే తెరలు నిజంగా కదిలే షట్టర్‌తో, సెకనుకు 12 ఫ్రేములని ప్రకటించారు. వేగం పూర్తిగా అందే స్థితిలో ఉంటే తెరమీద ‘హెచ్ ప్లస్’ గుర్తు ఆకుపచ్చగా ఉంటుంది. లేకుంటే తెల్లబడుతుంది. తెల్లబడేందుకు బ్యాటరీ అడుగంటనక్కర్లేదు. ఇంకా సగం పైనే ఉండగా కూడా మారిపోతుంది. ఎల్‌పీ-ఈ6ఎన్‌హెచ్ బ్యాటరీ బదులు పాత ఎల్‌పీ-ఈ6ఎన్ పెట్టినా, వైఫై కలిపి ఉన్నా, చలి ఎక్కువైనా, ఫ్లికర్ (దీపాల మినుకు) తగ్గించే సదుపాయం ఆన్‌లో ఉన్నా అంతే. ఇందులో దాపరికం ఏమీ లేదు, గుర్తు కళ్లెదుటే ఉంటుంది. బంతి వెంట పరుగెత్తే కంటికి అది ఆనదు, అంతే.

కారణం తెలిస్తే మిగతాదంతా సులువు. ఇలాంటి బ్యాటరీలో రెండు లిథియం అయాన్ సెల్స్ వరుసగా ఉంటాయి. నిండుగా ఉన్నప్పుడు రెండూ కలిసి 8.4 వోల్టులు. బ్యాటరీ మీద అచ్చువేసేది 7.2 వోల్టులు. ఖాళీ కావస్తుంటే 6కు దగ్గరపడుతుంది. మెకానికల్ షట్టర్‌లో ప్రతి ఫ్రేము తర్వాత తెరలను మోటారు మళ్లీ ఎక్కుపెట్టాలి. సెకనుకు 12 ఫ్రేములంటే 12 సార్లు. ఎఫ్/2.8 లెన్సును ఎఫ్/5.6 దగ్గర వాడుతుంటే డయాఫ్రం (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, అంటే ఎపర్చర్‌ను, మార్చే రేకులు) కూడా ఫ్రేము ఫ్రేముకూ ముడుచుకుని విచ్చుకోవాల్సి రావచ్చు. వాటి మధ్యలో ఫోకస్ మోటారు బరువైన గాజును కదపాలి. ఇవన్నీ జరుగుతుండగా స్థిరీకరణ, వ్యూఫైండర్, ప్రాసెసర్, కార్డు రాత ఆగకుండా కరెంటు తాగుతూనే ఉంటాయి. సగటు వాడకం తక్కువే కావచ్చు, చిక్కంతా ఆ క్షణికమైన గుంజుడుతోనే.

లెక్క కోసం బ్యాటరీ లోపలి నిరోధం 0.2 ఓమ్‌లు, బరస్ట్‌లో గుంజే కరెంటు 3 ఆంపియర్లు అనుకుందాం. వోల్టేజీ 0.6 కుంగుతుంది. నిండు బ్యాటరీలో 8.4 కాస్తా 7.8 అయితే కెమెరాకు చీమ కుట్టినట్టయినా ఉండదు. అదే 7.0 దగ్గరున్న బ్యాటరీ 6.4కు పడుతుంది. పాతబడి నిరోధం 0.4కు పెరిగిన బ్యాటరీ అయితే 5.8కి దిగుతుంది. అక్కడ ప్రాసెసర్ ఆగిపోయే ప్రమాదం ఉంది. కార్డు మీద ఫైలు సగం రాస్తుండగా కరెంటు పోతే ఏమవుతుందో వేరే చెప్పాలా? అందుకే ఫర్మ్‌వేర్ (కెమెరాను నడిపే సాఫ్ట్‌వేర్) ముందుజాగ్రత్తగా ఫ్రేముల మధ్య ఎడం పెంచుతుంది. అది లోపం కాదు, కెమెరా తనను తాను కాపాడుకోవడం.

ఆ క్షణానికి అందే బ్యాటరీ శక్తే అసలు సంగతి అనడానికి పాత ఉదాహరణలే ఉన్నాయి. నికాన్ డీ850 (ఇది డీఎస్‌ఎల్‌ఆర్, అంటే అద్దం ఉన్న కెమెరా, 2017 నాటిది) తన సొంత బ్యాటరీతో సెకనుకు 7 ఫ్రేములు తీసేది. గ్రిప్‌లో (కెమెరా అడుగున తగిలించే అదనపు బ్యాటరీ పిడిలో) 10.8 వోల్టుల ఈఎన్-ఈఎల్18 తరహా బ్యాటరీ పెడితే 9కి ఎక్కేది. మిర్రర్‌లెస్‌లోనే 2016 నాటి ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-టీ2 మెకానికల్ షట్టర్‌తో 8 ఫ్రేములు తీసేది, బూస్టర్ గ్రిప్ తగిలిస్తే 11. మూడు సెల్స్‌తో 10.8 వోల్టులిచ్చే బ్యాటరీలను పెద్ద బాడీలకు ఇవ్వడం బరువు మీద మోజుతో కాదు.

ఇక్కడే ఒక అపోహ. ఏ గ్రిప్ తగిలించినా వేగం పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. ఇవాళ్టి గ్రిప్పుల్లో ఎక్కువ భాగం అదే 7.2 వోల్టుల బ్యాటరీలు రెండు పట్టేవే. పెరిగేది పనిచేసే సమయం. వేగం పెరుగుతుందని మాన్యువల్లో రాసి ఉంటే తప్ప ఆశించకండి. మరో మాట: ఆకారం ఒకటే అయినంత మాత్రాన బ్యాటరీలు ఒకటి కావు. 2024లో వచ్చిన ఆర్5 మార్క్ 2కు ఎల్‌పీ-ఈ6పీ అనే కొత్త బ్యాటరీ ఇచ్చారు. పాతవి అదే గదిలో చక్కగా దిగుతాయి, కానీ కొన్ని సదుపాయాలు పనిచేయవు.

కదిలే తెరలు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ మాటేమిటని అడగవచ్చు. నికాన్ జెడ్9, జెడ్8లలో మెకానికల్ షట్టరే లేదు. సోనీ ఏ9 3 గ్లోబల్ షట్టర్‌తో (సెన్సర్ మొత్తాన్ని ఒకేసారి చదివే ఎలక్ట్రానిక్ షట్టర్‌తో) సెకనుకు 120 ఫ్రేములు తీస్తుంది. ఎక్కుపెట్టాల్సిన తెరలు లేవు కాబట్టి ఛార్జ్ తగ్గినంత మాత్రాన ఫ్రేములు అలా పడిపోవు. అయినా బ్యాటరీ బెంగ తీరదు, దాని రూపం మారుతుందంతే. సెన్సర్ ఎడతెగకుండా చదువుతూ ఉండాలి, ప్రాసెసర్ ప్రతి ఫ్రేములోనూ కన్నూ ముఖమూ వెతుకుతూ ఉండాలి. బటన్ నొక్కడానికి ముందరి క్షణాలను కూడా పట్టుకునే ప్రీ క్యాప్చర్ ఆన్ చేసి సగం నొక్కి పట్టుకుని కూర్చుంటే, ఒక్క ఫొటో తీయకుండానే బ్యాటరీ కరిగిపోతుంది. పైగా వేడి.

కాబట్టి ‘ఒక ఛార్జ్‌కు ఇన్ని ఫొటోలు’ అనే అంకె క్రీడలకు పనికిరాదు. సీపా (జపాన్ కెమెరా తయారీదారుల సంఘం) ప్రమాణం ప్రకారం జరిపే పరీక్షలో అర నిమిషానికో ఫొటో తీస్తారు, మధ్యమధ్యలో కెమెరా ఆపి మళ్లీ వెలిగిస్తారు. మైదానంలో ఒక్క బరస్ట్‌కే 40 ఫ్రేములు పడతాయి. అందుకే 500 ఫొటోలని రాసిన బ్యాటరీ 3,000 ఇవ్వవచ్చు. అదే బ్యాటరీ వ్యూఫైండర్ వెలుగుతూ ఉండగా ఏమీ తీయకుండానే రెండు గంటల్లో సగానికి దిగవచ్చు. ఫొటోలు లెక్కపెట్టడం మానేసి గంటలు లెక్కపెట్టుకోవాలి. 16 వాట్-అవర్ల బ్యాటరీ, సగటున 5 వాట్ల వాడకం అయితే 3.2 గంటలు. పూర్తి వేగం కావాలంటే అందులో పై సగమే మనది, అంటే గంటన్నర. ఫుట్‌బాల్ సగం ఆట 45 నిమిషాలు. దానికి ముందు వార్మప్, జట్ల ప్రవేశం కలిపితే విరామానికే ఆ గంటన్నర అయిపోవచ్చు.

అందువల్ల పాటించదగిన పద్ధతి: శాతం ఎంత చూపించినా విరామంలో బ్యాటరీ మార్చేయాలి. 55 శాతం ఉంది కదా అని ఉంచుకుంటే రెండో సగం ఆఖర్లో, అసలు కథ నడిచేటప్పుడు, అది 20కి చేరుతుంది. తీసిన బ్యాటరీ వృథా కాదు, విరామంలో ఫొటోలు పంపడానికో, ఆట తర్వాత బహుమతుల వేడుకకో వాడుకోవచ్చు. మార్చేటప్పుడు ముందు స్విచ్ ఆపాలి, కార్డు దీపం ఆరేదాకా ఆగాలి, ఆ తర్వాతే మూత తెరవాలి. పెద్ద బరస్ట్ తర్వాత ఆ దీపం ఆరడానికి చాలా సెకన్లు పట్టవచ్చు. తొందరపడితే పోయేది ఆఖరి గోలే.

బ్యాటరీ మందగింపును బఫర్ (కార్డుకు చేరేలోపు ఫొటోలు ఆగే తాత్కాలిక మెమరీ) నిండడంతో కలిపి చూడటం మరో పొరపాటు. గుర్తుపట్టడం తేలికే. మొదటి రెండు మూడు సెకన్లు పూర్తి వేగంతో సాగి ఆ తర్వాత తడబడితే అది బఫర్, లేదా నెమ్మదైన కార్డు. మొదటి ఫ్రేము నుంచే ఎడం ఎక్కువగా ఉంటే అది బ్యాటరీ, వైఫై, ఫ్లికర్ సెట్టింగు, షట్టర్ వేగం, పాత లెన్సు, వీటిలో ఒకటి.

మీ బాడీ సంగతి తేల్చుకోవడానికి ఫోన్లో స్టాప్‌వాచ్ చాలు. షట్టర్ 1/1000, మెకానికల్, ఫ్లికర్ తగ్గింపు ఆఫ్, వైఫై ఆఫ్, మీరు మైదానంలో వాడే లెన్సే, వాడే ఎపర్చరే. నడుస్తున్న స్టాప్‌వాచ్‌ను రెండు సెకన్లు బరస్ట్‌లో తీయండి. ఒక సెకను వ్యవధిలో ఎన్ని ఫ్రేములు పడ్డాయో లెక్కపెట్టండి. ఇదే పరీక్ష బ్యాటరీ 100, 70, 50, 30 శాతం దగ్గర చేసి రాసిపెట్టుకోండి. తర్వాత లెన్సు పూర్తిగా తెరిచి ఒకసారి, ఎఫ్/8 దగ్గర ఒకసారి పోల్చండి. కొన్ని లెన్సులతో తేడా బ్యాటరీ వల్ల వచ్చేదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. వేగం ఏ శాతం దగ్గర పడిందో అదే మీ బ్యాటరీకి ‘ఖాళీ’ గీత.

శాతం అంకెను గుడ్డిగా నమ్మకూడదు. లిథియం సెల్ వోల్టేజీ మధ్యలో చాలాసేపు దాదాపు చదునుగా సాగి, చివర్లో ఏటవాలుగా జారిపోతుంది. బరస్ట్ మధ్యలో ఎర్రగా మినుకుమన్న గుర్తు, కాసేపు ఆగితే మామూలైపోవడం పైన చెప్పిన కుంగుబాటు వల్లే. కెమెరాతో మాట్లాడే చిప్ సరిగా లేని చౌక బ్యాటరీల్లో అంకె 40 నుంచి ఒక్కసారిగా 10కి దూకుతుంది. కెనాన్ మెనూలో రీఛార్జ్ సామర్థ్యాన్ని గడులతో చూపిస్తారు, ఎర్రగడి ఒక్కటే మిగిలితే ఆ బ్యాటరీని క్రీడలకు దూరం పెట్టాలి. నికాన్‌లో బ్యాటరీ వయసు 0 నుంచి 4 వరకు ఉంటుంది, 4 అంటే మార్చమనే. బ్యాటరీల మీద నంబరు, కొన్న నెల రాసిన టేపు అంటిస్తే ఏది ముసలిదో వెతుక్కోనక్కర్లేదు. మూతను ఒకవైపు పెడితే నిండినది, తిప్పి పెడితే వాడినది అన్న అలవాటు చీకట్లో కూడా పనిచేస్తుంది.

చలిలో నిరోధం పెరుగుతుంది, పైన చెప్పిన కుంగుబాటు రెట్టింపు కావచ్చు. విడి బ్యాటరీలు చొక్కా లోపలి జేబులో ఉంచితే సరిపోతుంది. సున్నా డిగ్రీల లోపు వాటికి ఛార్జ్ ఎక్కించకూడదు, సెల్ లోపల లిథియం పూతలా పేరుకుని శాశ్వతంగా చెడుతుంది. ఎండలో ఆపిన కారులో నిండు బ్యాటరీ వదిలేయడం కూడా అంతే చేటు. వారాల తరబడి వాడనప్పుడు 40, 50 శాతం దగ్గర చల్లటి చోట పెట్టడం మేలు.

యూఎస్‌బీ-సీ ద్వారా పవర్ బ్యాంక్ తగిలించే వెసులుబాటు చాలా బాడీల్లో ఉంది. గోలు వెనక అమర్చిన రిమోట్ కెమెరాకు అది వరమే. అయితే చాలా బాడీలకు అది పీడీ (పవర్ డెలివరీ, అంటే 5 వోల్టులకు మించి ఇవ్వగల) రకం కావాలి, ఉత్త 5 వోల్టుల ఫోన్ ఛార్జర్ వాటిని నడపలేదు. కెమెరా ఆపినప్పుడు ఛార్జ్ ఎక్కడం వేరు, నడుస్తుండగా కరెంటు అందడం వేరు. చేతిలో పట్టుకుని పరుగెత్తేవారికి మాత్రం ఆ తీగ తగదు. ఒక్క లాగుడుకు సాకెట్ వదులవుతుంది.

మీ పత్రికకు ఒక విన్నపం. కెమెరా సమీక్షల్లో ఫ్రేముల అంకె పక్కన షట్టర్ రకం, బ్యాటరీ పేరు, ఛార్జ్ శాతం కూడా అచ్చువేయండి. వీలైతే పైన చెప్పిన స్టాప్‌వాచ్ పరీక్షను 100, 50, 20 శాతం దగ్గర జరిపించి మూడు అంకెలూ ఇవ్వండి. పట్టే సమయం ఒక పూట. మూడూ సమానంగా వచ్చే కెమెరాలు కూడా ఉన్నాయి, ఆ సంగతీ పాఠకుడికి తెలియాలి.

ఇట్లు,
క్రీడా ఛాయాగ్రాహకులు కొందరు