బతికున్న అమ్మ ఓటు తీసేశారు

సంపాదకులకు,

మాది హనుమకొండ. గత ఎన్నికల రోజు మా అమ్మను ఆటోలో బూత్‌కు తీసుకెళ్తే జాబితాలో ఆమె పేరు లేదు. ఇల్లు మారిందని, పేరు తీసేయమని ఎవరో ఫారం 7 పెట్టారట! నలభై ఏళ్లుగా అదే ఇల్లు. నోటీసు రాలేదు, ఎవరూ తలుపు తట్టలేదు. వేలికి సిరా చుక్క లేకుండా తిరిగొచ్చిన అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. తర్వాత ఫారం 6 నింపాం, పేరు ఎక్కింది. పోయిన ఓటు మాత్రం రాదు కదా.

తప్పుడు ప్రకటన ఇస్తే 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. ఫిర్యాదు చేద్దామంటే వాడకట్టులో వాళ్లు "పెద్దోళ్ల మనుషులు, పంచాయితీ ఎందుకు" అన్నారు. నాకు అసలు టెన్షన్ ఈ భయం గురించే. పైన ఎన్నికల కమిషనర్లను ఎంపిక చేసే ముగ్గురిలో ఇద్దరు ప్రధాని, కేంద్ర మంత్రి అని 2023 చట్టమే చెబుతోంది. ఇక ఓటరు జాబితా చూసే కింది ఉద్యోగికి పెద్దోళ్లను కాదనే ధైర్యం ఎవరిస్తారు?

పేరు తీసేముందు ఇంటికొచ్చి సంతకం తీసుకోండి.

- ఒక కూతురు, హనుమకొండ