పూలవ్వ జ్ఞాపకార్థం సత్యోపదేశ మండపం: విరాళాలకు విచారణ మండలి విజ్ఞప్తి

క్రీస్తు ప్రభువునందు ప్రియమైన విచారణ (పారిష్) విశ్వాసులకు, ఉద్యోగాల కోసం, చదువుల కోసం దూరప్రాంతాలలో ఉంటున్న మన బిడ్డలకు దేవాలయ విచారణ మండలి వందనములు.

తిరుపతి పట్టణపు అంచున ఉన్న మన చిన్న విచారణలో దాదాపు 50 ఏళ్లపాటు ప్రతి శనివారం మరియమాత స్వరూపానికి పూలమాల తెచ్చిన తల్లి, గత తపస్కాలంలో తన 84వ ఏట ప్రభువునందు నిద్రించిన సంగతి మీలో చాలామందికి తెలిసినదే. ఆమె అసలు పేరు జ్ఞానస్నానాల పుస్తకంలో ఉంది గానీ ఆ పేరుతో పిలిచినవారు తక్కువ. పిల్లలకు, పెద్దలకు, ఇక్కడ సేవచేసి వెళ్లిన గురువులందరికీ ఆమె పూలవ్వే. పేరు ఎక్కడా అచ్చువేయవద్దని కుటుంబసభ్యులు కోరినందున ఈ విజ్ఞప్తిలోనూ అలాగే పిలుస్తున్నాము.

భర్త చిన్న వయసులోనే కాలం చేయగా, నలుగురు బిడ్డలను ఆమె పూలు కట్టి పెంచింది. 1976లో కడప మేత్రాసనం (బిషప్పు పాలనా ప్రాంతం) ఏర్పడేనాటికి పెద్దవాడు బడికి పోతున్నాడు, చిన్నది ఇంకా చంకలో ఉంది. తెల్లవారకముందే విడిపూలు తెచ్చుకొని, నానబెట్టిన అరటినారతో కట్టి, మూర లెక్కన వీధులు తిరిగి అమ్మేది. కొండకు వెళ్లేవారు తలలో పూలు పెట్టుకోరు గనుక ఆమె బేరమంతా ఊళ్లోని ఇల్లాళ్లతోనే సాగేది. వారిలో ఎక్కువమంది హిందువులు. ఆమెను సమాధి చేసిన రోజున మన వెంట నడిచినవారిలో సగంమంది వారే కావడం మాకు ఆశ్చర్యం కలిగించలేదు. శ్రావణమాసంలో పూల ధరలు మండిపోయే రోజుల్లో కూడా శనివారపు మాల ఒక్క మూర తగ్గలేదని అప్పట్లో గుడి తాళాలు చూసుకున్న పెద్దలు ఇప్పటికీ చెబుతారు.

ఆమె బడికి పోలేదు. అయినా మన విచారణలో ఈనాడు 50 ఏళ్లలోపు ఉన్నవారిలో చాలామంది జపమాల నేర్చుకున్నది ఆమె గుమ్మంలోనే. కాళ్లు చాపుకొని కూర్చొని, నార కొసను కాలి బొటనవేలికి తగిలించి, మల్లెపూలు ముడివేస్తూ ముడికొక మంగళవార్త జపం చెప్పించేది. పది ముడులైన తరువాత ఒక కనకాంబరం వచ్చేది, అక్కడ పరలోక జపం చెప్పాలి. అక్షరం రాని పిల్లవాడికి కూడా ఎర్రపువ్వు కనబడగానే జపం మారుతుందని తెలిసిపోయేది. ఎవరైనా మాట మింగితే ఆ ముడి విప్పి, వారి చేతనే మళ్లీ కట్టించి, మళ్లీ చెప్పించేది. జగద్గురువులు (పోపు) రెండవ జాన్ పాల్ 2002లో జపమాలలో ధ్యానించే ఘట్టాలకు వెలుగు దేవరహస్యాలనే మరో అయిదింటిని చేర్చినప్పుడు ఆమెకు 60 దాటాయి. మనవరాలి చేత చదివించుకొని వారం రోజుల్లో అయిదింటినీ కంఠస్థం చేసి, ఆ తరువాత గురువారాలలో మనకే నేర్పింది.

ఆమె సౌమ్యురాలని రాస్తే ఆమెను ఎరిగినవారు నవ్వుతారు. పూజకు ఆలస్యంగా వచ్చే పాటల బృందం ఆమె ముందునుంచి తలవంచుకొనే వెళ్లేది. మా మండలి కూడా ఆమె చేత మాటలు పడింది, అవి న్యాయమైనవే.

2021 నవంబరు వానలకు దేవాలయం ప్రక్కనున్న, పిల్లలకు సత్యోపదేశం (మతబోధ) జరిగే వసారా సిమెంటు రేకులు పగిలిపోయాయి. నాటినుంచి ఆదివారపు తరగతులు ఎండాకాలంలో వేపచెట్టు క్రింద, వానాకాలంలో గుడి వెనుక వరుసలలో జరుగుతున్నాయి. మొదట ప్రహరీ గోడ, తరువాత గంట మరమ్మతు అంటూ ఈ పనిని మేము వాయిదా వేస్తూ వచ్చాము, ఆ జాప్యం మాదే. పూలవ్వ మంచంపట్టినప్పుడు చూడబోయిన మండలి సభ్యులు, మరియమాత గుహ వద్ద ఆమె పేర ఒక పాలరాతి ఫలకం పెట్టాలని అనుకుంటున్నట్లు చెప్పారు. దానికి ఆమె, "నాకు రాయి ఎందుకు నాయనా, బిడ్డలు తడస్తా ఉండారు, ముందు ఆడ కప్పు ఎయ్యండి" అన్నది.

అందువల్ల వసారా స్థానంలో కాంక్రీటు కప్పుతో, కడప బండల నేలతో, రెండు తరగతులు ఒకేసారి నడిపేందుకు వీలైన మండపం కట్టాలని నిర్ణయించాము. దానిపై ఆమె పేరు ఉండదు. తిమోతికి పునీత పౌలు రాసిన రెండవ లేఖ మొదటి అధ్యాయంలో, తిమోతి విశ్వాసం ముందుగా అతని అవ్వ లోయిలోను, తల్లి యునీకేలోను ఉన్నదని చెప్పిన వచనం ఒక్కటే గోడమీద రాయిస్తాము. పాత తెలుగు అనువాదంలో అక్కడ వాడినది మన రాయలసీమలో పలికే 'అవ్వ' అనే మాటే.

ఇంజనీరు అంచనా 6,40,000 రూపాయలు. ఇప్పటికి 1,85,000 రూపాయలు సమకూరింది. ఇందులో మొదటి విరాళం ఆమెదే. ఆమె రేకు డబ్బాలో దొరికిన 11,350 రూపాయలను కుటుంబసభ్యులు తెచ్చి పీఠం ముందు ఉంచారు. ఎక్కువ భాగం పదిరూపాయల నోట్లు. 2016లో రద్దయిన 500 నోట్లు మరో రెండు అడుగున కనబడ్డాయి, వాటిని లెక్కలో కలపలేదు.

మిగిలిన 4,55,000 రూపాయల కోసం, ఏసుప్రభువు అవ్వతాతలైన పునీత జోవాకీము, అన్నమ్మల స్మరణదినమైన జూలై 26 నుంచి, జపమాల మాసమైన అక్టోబరు ముగిసేవరకు విరాళాలు స్వీకరిస్తాము. నగదును విచారణ కార్యాలయంలో మాత్రమే ఇచ్చి రసీదు తీసుకోవలెను. ఇంటింటికీ ఎవరినీ పంపడం లేదు. పంపామని ఎవరైనా వస్తే ఇవ్వవద్దు. మన దేవాలయానికి 80జి గుర్తింపు లేనందున ఆదాయపు పన్ను మినహాయింపు లభించదని ముందే తెలియజేస్తున్నాము. కువైట్ తదితర దేశాలలో పనిచేస్తున్న మన బిడ్డలు భారత పౌరులే గనుక, తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే సొమ్ము విదేశీ విరాళం క్రిందికి రాదు. అయితే ఇతర దేశాల పౌరసత్వం తీసుకున్నవారి సొమ్మును 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం మేము స్వీకరించలేము. వారు దయచేసి పంపవద్దు, ప్రార్థించండి చాలు. సిమెంటు, ఇసుక, కమ్మీ ఇవ్వదలచినవారు, మేస్త్రీ పనిలో ఒకటి రెండు రోజులు చెయ్యి వేయగలవారు కార్యాలయంలో తెలియజేస్తే వాటినీ విరాళంగానే నమోదు చేస్తాము. జమాఖర్చులను ప్రతి నెల మొదటి ఆదివారం పూజ తరువాత చదివి, నోటీసు బోర్డుపై అంటిస్తాము.

శనివారపు మాలకు పూలు ఇవ్వదలచినవారు శుక్రవారం సాయంత్రానికి ఆమె మనవరాలికి అందజేయవలెను. కట్టిన మాలలు వద్దు, విడిపూలే తీసుకురండి. కట్టడం పిల్లలు నేర్చుకుంటున్నారు.

ఇట్లు,
విచారణ మండలి