విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: చిత్తుప్రతికీ మార్కులివ్వండి

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. పిల్లలకు కష్టం విలువ తెలియడం లేదని పెద్దలం తరచూ వాపోతుంటాం. మరి బడిలో ఇచ్చిన ప్రాజెక్టును రాత్రి మేలుకుని పూర్తి చేసేదెవరు? చాలా ఇళ్లలో తల్లిదండ్రులే. మార్కులూ ఆ నీటైన అట్టముక్కకే పడతాయి. వంకరటింకరగా సొంతంగా చేసుకొచ్చిన పిల్లవాడికి తక్కువ. దీంతో వాడికి ఏం అర్థమవుతుందో వేరే చెప్పాలా?

అందుకే నా మొదటి కోరిక: ప్రాజెక్టులన్నీ తరగతిలోనే, టీచరు కళ్లెదుటే జరిగేలా ఉత్తర్వులివ్వండి. తుది ప్రతికే కాదు, కొట్టివేతలతో నిండిన చిత్తుప్రతికీ మార్కులుండాలి. తప్పులు దిద్దుకుని మళ్లీ రాసినదానికి విలువ లేనప్పుడు ‘కష్టపడు’ అన్న మాట పిల్లల చెవికెక్కదు.

మెచ్చుకునే తీరూ మారాలి. అమెరికా మనస్తత్వశాస్త్ర పరిశోధకులు క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన పరిశోధనలో, ‘నీకు చాలా తెలివి’ అనిపించుకున్న ఐదో తరగతి పిల్లలు కఠినమైన ప్రశ్నల దగ్గర తడబడ్డాక డీలాపడ్డారు. ‘బాగా శ్రమించావు’ అనిపించుకున్నవారు పట్టు వదల్లేదు. మొదటి బృందంలో కొందరైతే తమ మార్కులను పెంచి మరీ చెప్పుకున్నారు! టీచర్ల శిక్షణలో దీనికి ఒక పూటైనా కేటాయించండి.

జపాన్ బడుల్లో తరగతి గదులను పిల్లలే ఊడ్చి తుడుస్తారు. ఆ పద్ధతి తెస్తే మంచిదే. అయితే అందరికీ వంతు రావాలి, శిక్షగా మాత్రం ఎవరికీ వేయకూడదు. (జాబితాలో టీచర్ల పేర్లూ ఉంటే మరీ బాగు. ప్రధానోపాధ్యాయులు నొచ్చుకోరనే అనుకుంటాను.)

వచ్చే విద్యా సంవత్సరపు మార్కుల విధానం ఖరారయ్యేలోపు, చిత్తుప్రతుల విషయంలో మీ శాఖ నిర్ణయం తెలియజేయగలరు.

ఇట్లు,
ఒక విద్యార్థి తల్లి