బంధువైనా సరే, న్యాయంగానే మాట్లాడాలి

సంపాదకుల గారికి,

ఇస్లాంలో సత్యం పలకడమంటే అబద్ధం ఆడకపోవడమేనని చాలామంది అనుకుంటారు. ఖుర్ఆన్ అడిగేది అంతకంటే ఎక్కువ. మాట్లాడితే న్యాయంగా మాట్లాడమని, అది దగ్గరి బంధువు విషయమైనా సరేనని 6వ సూరా (అధ్యాయం) 152వ ఆయత్ (వాక్యం) చెబుతుంది. 4వ సూరా 135వ ఆయత్ ఇంకా కఠినం. సాక్ష్యం మనకో, కన్నవాళ్లకో వ్యతిరేకమైనా చెప్పి తీరాలి, ఎదుటివాడు ధనికుడా పేదవాడా అని చూడకూడదు. అంటే జాలితో కూడా మాట మార్చకూడదు! నాకైతే ఇది మొదట మింగుడుపడలేదు. శత్రువు విషయంలోనూ న్యాయం తప్పొద్దని 5వ సూరా 8వ ఆయత్ అంటుంది.

విన్నదల్లా చెప్పేయడమే అబద్ధం కిందికి వస్తుందని ప్రవక్త మాటల సంకలనమైన సహీహ్ ముస్లింలో ఒక హదీసు (ప్రవక్త మాట) ఉంది. ఫార్వర్డ్ మెసేజ్‌లతో మనం రోజూ చేస్తున్నది అదే కదా.

— ఒక పాఠకుడు