35 శాతం మనిషి

ఎడిటర్ గారికి నమస్తే,

సదరం క్యాంపుల (వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి సర్టిఫికెట్ ఇచ్చేవి) వార్త మీ పేపర్లో వచ్చినప్పుడల్లా నా సంగతి కూడా రాయాలనిపిస్తుంది, ఇవాళ కూర్చుని రాసేస్తున్నా. నాకు యాభై రెండేళ్లు. రెండో ఏట పోలియో వచ్చి కుడికాలు సన్నబడింది, నడిస్తే ఓ పక్కకి ఒరుగుతా, మెట్లెక్కాలంటే ఏదైనా పట్టుకోవాలి, అంతే. మా ఊళ్లో నన్ను పేరుతో పిలిచినోళ్ల కంటే కాలుతో పిలిచినోళ్లే ఎక్కువ. పెళ్లిచూపులకి వెళ్లొస్తే జాతకాలు కలవలేదండీ అని కబురొచ్చేది, అసలు జాతకం అడిగిందే లేదు. రైస్ మిల్లులో గుమస్తాగా చేరితే కాటా దగ్గర నిలబడలేవులే అని షావుకారు జీతం తగ్గించి రాసుకున్నాడు.

సరే, నేను నార్మల్ కాదులే అని నేనే ఒప్పేసుకుని పదేళ్ల కిందట సదరానికి వెళ్లా. తెల్లారుజామున బస్సెక్కి మధ్యాహ్నం దాకా లైన్లో నిలబడి (నిలబడగలిగానంటే అక్కడే సగం మార్కులు పోయాయేమో) లోపలికెళ్తే, డాక్టర్ గారు కాలు కొలిచి, నడిపించి చూసి 35 శాతం అని రాశారు. పెన్షన్‌కైనా ఉద్యోగాల్లో కోటాకైనా 40 ఉండాలి. అంటే సర్కారు లెక్కలో నేను మామూలు మనిషినే. (ఆఫీసుల్లో మామూలు అంటే ఇంకో అర్థం ఉందనుకోండి, దానికి వేరే ఉత్తరం రాస్తా.) డాక్టర్ గారిని ఏమీ అనట్లేదు, గీత ఎక్కడో ఓచోట గియ్యాలి కదా. కానీ ఆ 5 శాతం తక్కువైన సంగతి మా షావుకారుకి ఎవరు చెప్తారు?

1995 చట్టంలో వైకల్యాలు 7 రకాలే, 2016 చట్టంలో 21 చేశారు, ఆటిజం, తలసీమియా, యాసిడ్ దాడి బాధితులు ఇలా చాలామంది కొత్తగా చేరారు, మంచిదే. వాళ్ల ఒంట్లో కొత్తగా ఏమీ మారలేదు, గెజిట్ మారింది అంతే. 2021లో సుప్రీంకోర్టు కూడా, రాయడానికి చేతులు సహకరించని అభ్యర్థికి 40 శాతం లేకపోయినా పరీక్షలో స్క్రైబ్‌ని, అంటే చెప్తే రాసిపెట్టే మనిషిని, ఇవ్వాల్సిందే అంది. నేనడిగేది కూడా అదేనండి. పెన్షన్‌కి శాతం చూడండి, కాదన్ను, లైన్లో కుర్చీ వెయ్యడానికి, లిఫ్ట్ ఎక్కనివ్వడానికి కూడా శాతం ఏంటి?

మొన్న ఒక ఆఫీసులో మూడో అంతస్తుకి వెళ్లాల్సొచ్చింది. లిఫ్ట్ స్టాఫ్‌కీ దివ్యాంగులకీ మాత్రమేనట. సర్టిఫికెట్ తీసి చూపిస్తే లిఫ్ట్ దగ్గర అబ్బాయి చదివి, నలభై లేదుగా సార్, బానే ఉన్నారు మెట్లెక్కండి అన్నాడు. రెయిలింగ్ పట్టుకుని రెండో మలుపు దాకా ఎక్కానో లేదో, వెనక నుంచి ఒకాయన పక్కనున్న పిల్లాడితో అంటున్నాడు, ఆగరా నాన్నా, పాపం కుంటాయన, ముందు ఆయన్ని ఎక్కనీ అని.

ఇట్లు
ఒక పాఠకుడు, తణుకు